షుజెన్‌జి వెళ్ళాలంటే: వేడినీటి బుగ్గల ఊళ్ళో పన్నెండు వందల ఏళ్ళ బౌద్ధాలయం

టోక్యో నుంచి రెండు, రెండున్నర గంటల్లో చేరుకోగలిగే ఊరు షుజెన్‌జి. గుడి పేరూ అదే. ఇజు ద్వీపకల్పం నడిబొడ్డున, కొండల మధ్య, కత్సురా అనే చిన్న నది ఒడ్డున ఉంటుంది. చాలామంది పొద్దున వచ్చి, గుడి మెట్లెక్కి, హాలు ముందు ఒక ఫోటో దిగి, వెదురు దారిలో ఇంకో నాలుగు దిగి, మధ్యాహ్నానికల్లా రైలెక్కేస్తారు. "ఇంతేనా" అని పెదవి విరిచేది కూడా వాళ్ళే. వాళ్ళ తప్పేం లేదు, గుడి ఆవరణ నిజంగానే చిన్నది. పావుగంటలో చుట్టి రావచ్చు. కానీ ఈ గుడి కథలో ముప్పాతిక భాగం ప్రహరీ బయటే ఉంది: కొంత నది మధ్యలో, కొంత అవతలి గట్టు మెట్ల మీద, కొంత ఒక స్నానశాలలో. వాటన్నిటినీ ఒక వరసలో చూడాలి, ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. ఈ మార్గదర్శి ఆ పద్ధతిలోనే రాశాను. వీసా, విమానం టికెట్ల సంగతి ఇందులో ఉండదు.

వెళ్ళేముందు తెలుసుకోవాల్సిన కథ

ఇది తెలియకుండా వెళ్తే అక్కడ కనిపించేవి రాళ్ళు, చెక్కలే. కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

సంప్రదాయం ప్రకారం ఈ ఆలయాన్ని 807లో స్థాపించింది కూకాయ్. ఆయన్నే కోబో దాయిషి అని కూడా అంటారు. చైనా వెళ్ళి తాంత్రిక బౌద్ధం నేర్చుకుని 806లో తిరిగొచ్చి, జపాన్‌లో షింగోన్ శాఖను నిలబెట్టిన ఆచార్యుడు. తెలుగువాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. షింగోన్ గురుపరంపరలో మహావైరోచన బుద్ధుడు, వజ్రసత్త్వ బోధిసత్త్వుడి తర్వాత మూడో స్థానం మన ఆచార్య నాగార్జునుడిది. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్థూపం తలుపులు తెరిచి ఆయన ఈ విద్యను లోకానికి తెచ్చాడని వాళ్ళ గాథ. ఆ ఇనుప స్థూపం మన అమరావతి మహాస్తూపమే అయ్యుంటుందని వాదించిన పండితులూ ఉన్నారు. నిరూపణ అయిన విషయం కాదు గానీ, నాగార్జునకొండ చూసినవాళ్ళకి ఈ గుడి మెట్లు పూర్తిగా పరాయివిగా అనిపించవు.

తర్వాత పదమూడో శతాబ్దంలో, చైనా నుంచి వచ్చిన జెన్ (ధ్యాన బౌద్ధం) గురువు లాన్షీ దావోలోంగ్ ఇక్కడ ఉండగా ఆలయం జెన్‌లోని రింజాయ్ శాఖలోకి మారింది. 1489 నుంచి సోతో జెన్ శాఖది. మూడు శాఖలు మారినా మూలమూర్తి మాత్రం మారలేదు. సోతో ఆలయాల్లో మామూలుగా శాక్యముని ఉంటాడు. ఇక్కడ ఇప్పటికీ మహావైరోచనుడే. జపాన్ వాళ్ళు ఆయన్ని దాయ్‌నిచి న్యొరాయ్ అంటారు.

ఇక రక్తం చిందిన భాగం. కామకురా షోగున్ (దేశాన్నేలే సైన్యాధిపతి) మినమోతో నో యొరితోమో 1193లో తన సవతి తమ్ముడు నొరియొరిని అనుమానించి ఇక్కడికే పంపించాడు. నొరియొరి ఇక్కడే ప్రాణం తీసుకున్నాడంటారు. యొరితోమో పోయాక కొడుకు యొరీయె రెండో షోగున్ అయ్యాడు. అతన్ని 1203లో పదవి నుంచి దించి ఇదే గుడిలో నిర్బంధించారు. మరుసటి ఏడాది, ఇరవై మూడో ఏట, చంపేశారు. చంపించింది తల్లి మసాకో పుట్టింటివాళ్ళు, హోజో వంశం. ఆ కొడుకు ఆత్మశాంతి కోసం అవతలి గట్టు మీద మందిరం కట్టించింది మసాకోనే. ఊరంతా తిరిగేటప్పుడు ఈ తల్లీకొడుకులు గుర్తుంటే చాలు.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాకా మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. ఊరు అందంగానూ ఉంటుంది, కిటకిటలాడుతూనూ ఉంటుంది. ఆ రోజుల్లో గుడి వెనక తోటను కూడా కొన్నాళ్ళు తెరుస్తారు. మహావైరోచనుడి విగ్రహం చూడాలనుకుంటే మాత్రం నవంబరు మొదటి పది రోజులు చూసుకోండి. మామూలుగా దర్శనానికి ఉంచేది అప్పుడే. ఆకులు ఇంకా పూర్తిగా ఎర్రబడి ఉండవు, జనమూ తక్కువ. రెండిట్లో ఒకటే కుదిరితే నా ఓటు విగ్రహానికే. ఎర్రాకులు జపాన్‌లో ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి.

ఫిబ్రవరి, మార్చిలో ప్లమ్ తోట పూస్తుంది. జూన్ మొదట్లో నది పక్క పార్కులో మిణుగురులు ఎగురుతాయి. ఏప్రిల్ 21, ఆగస్టు 21 తేదీల చుట్టూ కోబో దాయిషి ఉత్సవాలు జరుగుతాయి, ఆ రోజులకి గదులు ముందే అయిపోతాయి. వారం మధ్యలో వెళ్ళగలిగితే ఏ నెలైనా హాయే.

గది, భోజనం బుక్ చేసేటప్పుడు

ఇలాంటి ఊళ్ళలో ర్యోకాన్ అనే సంప్రదాయ బసలో ఉండటమే పద్ధతి. అద్దె గదికి కాదు, మనిషికి ఇంత అని ఉంటుంది. అందులోనే రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిసి ఉంటాయి. భోజనం టైము ఖాయం. ఆరు, ఏడు మధ్యలో వడ్డిస్తారు, తొమ్మిదింటికి చేరి అన్నం పెట్టమంటే కుదరదు. కాబట్టి సాయంత్రం ఐదులోపు దిగేలా ప్లాన్ చేసుకోండి.

శాకాహారులు ఈ భాగం రెండుసార్లు చదవండి. "వెజిటేరియన్" అంటే అక్కడ చాలామందికి మాంసం ముక్క కనిపించకపోవడం, అంతే. కూరగాయలు ఉడికించే రసంలో, మిసో సూప్‌లో, సోబా నూడుల్స్ నంజుకునే పులుసులో కత్సువొ దాషి ఉంటుంది. అది ఎండు చేపతో చేసిన కషాయం. కంటికి కనిపించదు. బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి, వెళ్ళాక చెబితే వాళ్ళు ఇబ్బంది పడతారు, మీరు పస్తుంటారు. "నికు తొ సకానా వ తబెమాసెన్, కత్సువొ దాషి మొ దమె దెస్" అంటే మాంసం, చేప తినం, చేప రసమూ వద్దు అని. బౌద్ధ భిక్షువుల భోజనం "షోజిన్ ర్యోరి" పెట్టగలరా అని అడగడం ఇంకా మంచిది, ఆ మాట వినగానే వంటవాళ్ళకి విషయం అర్థమవుతుంది. కుదరదంటే భోజనం లేకుండా గది మాత్రమే తీసుకుని, మీ ఆవకాయ, పొడులు మీరు పట్టుకెళ్ళండి. జపాన్‌లో కన్వీనియెన్స్ స్టోర్ అన్నం వేడిగా బానే ఉంటుంది.

మధ్యాహ్నానికి ఒక ఉపాయం. ఇజు కొండలు వసాబి అనే ఘాటు దుంప పంటకు ప్రసిద్ధి. ఇక్కడి సోబా హోటళ్ళలో పచ్చి వసాబి దుంపను, చిన్న తురుముపలకను పళ్ళెంలో పెట్టి ఇస్తారు. ఆకులు తీసిన వైపు నుంచి మొదలుపెట్టి, నొక్కకుండా, గుండ్రంగా మెల్లగా తురమాలి. లేత ఆకుపచ్చ ముద్ద వస్తుంది. ముక్కుకెక్కే ఘాటు ఉంటుంది, నాలిక చివర కాస్త తీపి తగులుతుంది. ట్యూబుల్లో అమ్మే వసాబికి దీనికి పోలికే లేదు. చల్లటి సోబాను ఆ చేపపులుసులో ముంచకుండా ఉప్పు, వసాబితో తింటే శాకాహారులకీ సరిపోతుంది. తురిమిన వెంటనే తినేయండి, కాసేపటికే ఘాటు ఎగిరిపోతుంది.

దారి

టోక్యో స్టేషన్ నుంచి రెండు మార్గాలున్నాయి.

ఒకటి, షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో మిషిమా దాకా, అక్కణ్ణుంచి ఇజుహకోనె కంపెనీ వాళ్ళ సున్జు లైను రైల్లో చివరి స్టేషన్ షుజెన్‌జి దాకా. షింకాన్‌సెన్ ముక్కాలు గంట నుంచి గంట, సున్జు లైను ముప్పై ఐదు నిమిషాలు. షింకాన్‌సెన్‌లలో అన్నిటికన్నా వేగంగా వెళ్ళే నొజొమి మిషిమాలో ఆగదు. అన్ని స్టేషన్లలో ఆగే కొదామా ఎక్కాలి, మధ్యరకం హికారీలు కూడా కొన్ని ఆగుతాయి. రెండోది, ఒదొరికో ఎక్స్‌ప్రెస్, నేరుగా రెండు గంటల పైచిలుకు. రోజుకి కొన్నే ఉంటాయి. పైగా ఇందులో ఒక చిక్కుంది: అతామి స్టేషన్‌లో రైలు రెండుగా విడిపోతుంది. కొన్ని పెట్టెలు షుజెన్‌జి వైపు, మిగతావి సముద్రం పక్కగా షిమోదా వైపు వెళ్తాయి. టికెట్ మీద ఉన్న పెట్టెలోనే కూర్చోండి. ఖాళీ ఉంది కదా అని ముందుకి వెళ్ళారంటే మీరొక చోటికి, మీ లగేజీ ఒక చోటికి.

విదేశీ టూరిస్టులు కొనుక్కునే జేఆర్ రైలు పాస్ మిషిమా దాకానే చెల్లుతుంది. ఏ రైల్లో వెళ్ళినా మిషిమా నుంచి షుజెన్‌జి దాకా విడిగా డబ్బు కట్టాలి. నగదు దగ్గర ఉంచుకోండి, ఊళ్ళో కూడా అవసరమవుతుంది. చలికాలం పొద్దున ఆకాశం తేటగా ఉంటే, సున్జు లైను రైలు దక్షిణానికి సాగుతుండగా వెనక్కి తిరిగి చూడండి. ఫూజీ పర్వతం కనిపిస్తుంది.

షుజెన్‌జి స్టేషన్ వేరు, షుజెన్‌జి ఒన్‌సెన్ (వేడినీటి బుగ్గల ఊరు) వేరు. స్టేషన్‌లో దిగి గుడి ఎక్కడా అని వెతకొద్దు. బయట బస్టాండులో "షుజెన్‌జి ఒన్‌సెన్" బస్సెక్కితే పది నిమిషాల్లోపే ఊళ్ళో దించుతుంది. పెద్ద సూట్‌కేసులు స్టేషన్ లాకర్లలో పెట్టేయండి. ఊళ్ళో రోడ్లు సన్నం, మెట్లు ఎక్కువ.

మొదట నదికి, తర్వాత గుడికి

బస్సు దిగి పెద్ద వీధిలో పడమర వైపు నడిస్తే కుడిచేతి వైపు గుడి మెట్లు కనిపిస్తాయి. ఎక్కకండి. ఎడమ పక్కన నదిలోకి చూడండి. ప్రవాహం మధ్యలో ఒక బండరాతి దిబ్బ, దాని మీద గోడల్లేని చెక్క కప్పు, కింద ఆవిరి. అదే తొక్కో నో యు. కథ మొదలైంది ఇక్కడే.

ఒక కుర్రాడు జబ్బుపడ్డ తండ్రికి చల్లటి నదీజలంతో ఒళ్ళు కడుగుతుంటే కూకాయ్ చూశాడట. చేతిలోని ఏకశూల వజ్రంతో రాతిని కొట్టాడట. వేడినీళ్ళు ఉబికాయట. ఆ వజ్రాన్నే వాళ్ళు తొక్కో అంటారు. ఇంద్రుడి వజ్రాయుధం పేరు విని పెరిగినవాళ్ళం కాబట్టి మనకి ఈ కథ వివరించక్కర్లేదు. ఇప్పుడున్న దిబ్బ మాత్రం సరిగ్గా పాత చోటులో లేదు. వరదొచ్చినప్పుడు ప్రవాహానికి అడ్డుపడుతోందని 2009లో పంతొమ్మిది మీటర్లు కిందికి జరిపారు. మహిమ కూడా జరిగిందా అని అడగొద్దు, ఊళ్ళోవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఇందులో స్నానానికి దిగకూడదు. కాళ్ళు తడుపుకోవాలంటే దగ్గర్లోనే కవారా యు అనే ఉచిత పాదస్నానం ఉంది. చిన్న తువ్వాలు వెంట ఉంచుకోండి, అక్కడ ఇవ్వరు.

గుడి లోపల

ద్వారం దగ్గర ఇద్దరు ద్వారపాలకులుంటారు, పాతకాలపు కొయ్య విగ్రహాలు. ఒకరు నోరు తెరిచి, ఒకరు మూసి. అక్కడ చిన్నగా తలవంచి, గడప తొక్కకుండా దాటండి. గుడి అనగానే మనకి చెయ్యి చెప్పుల మీదికి పోతుంది. ఆవరణలో విప్పక్కర్లేదు. చెక్క నేల మీద అడుగుపెట్టే చోట మాత్రమే విప్పాలి. చిరుగుల్లేని సాక్సు వేసుకోండి.

లోపలికి వెళ్ళగానే చేతులు కడుక్కునే తొట్టి ఉంటుంది. జపాన్ గుళ్ళన్నిటా ఉంటుంది, చలికాలంలో వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లటి నీళ్ళతో. ఇక్కడ వచ్చేది వేడినీటి బుగ్గ నీళ్ళే. జనవరి పొద్దున ఆ నీళ్ళు చేతి మీద పడితే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. గరిటె ఉంటే కుడిచేత్తో పట్టుకుని ఎడమచెయ్యి, తర్వాత ఎడమచేత్తో పట్టుకుని కుడిచెయ్యి, అరచేతిలోకి పోసుకుని నోరు పుక్కిలించడం, చివర గరిటెను నిలువుగా ఎత్తి పిడి కడగడం. నోరు గరిటెకు తగలకూడదు, పుక్కిలించిన నీళ్ళు తొట్టిలో పడకూడదు. గరిటె లేకపోతే ధార కింద చేతులు పెడితే సరి.

ఎదురుగా ఉన్న పెద్ద హాలు 1883లో తిరిగి కట్టింది, పాతవి మంటల్లో పోయాయి. హుండీ లాంటి చెక్కపెట్టెలో నాణెం మెల్లగా జారవిడవండి. ఐదు యెన్ల నాణెం వేయడం ఆనవాయితీ. చేతులు జోడించి, తలవంచి, మౌనంగా నిలబడితే అయిపోయినట్టే. చప్పట్లు కొట్టకూడదు. పక్కనే హియె అనే షింటో (జపాన్ సొంత మతం) మందిరం ఉంది, ఆకాశానికి తగిలే దేవదారు చెట్లతో. చప్పట్లు అక్కడ కొట్టాలి: రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు, మళ్ళీ ఒకసారి వంగడం. రెండూ ఆనుకునే ఉండటంతో కొత్తవాళ్ళు తికమక పడుతుంటారు.

హాలుకి పక్కనున్న నిధిశాలకి విడిగా టికెట్, కొన్ని వందల యెన్లు. తప్పకుండా కొనండి. లోపల యొరీయెదని చెప్పే ఒక కొయ్య ముసుగు ఉంది. స్నానపు నీళ్ళలో ఉరుషి అనే చెట్టు విషపు జిగురు కలిపితే అతని ముఖం ఉబ్బిపోయిందని, ఆ ముఖాన్ని తల్లికి చూపించడానికి చెక్కించారని స్థానిక కథ. విరిగి, పగుళ్ళిచ్చిన ఆ ముసుగు దగ్గర నాలుగు నిమిషాలు నిలబడండి. మసాకో పేరు ఆ తర్వాత మర్చిపోలేరు.

నవంబరులో వెళ్ళినవాళ్ళకి మహావైరోచనుడి విగ్రహం కూడా కనిపిస్తుంది. 1210లో జిక్కెయ్ అనే శిల్పి చేశాడు. 1984లో మరమ్మతు కోసం విప్పితే పొట్ట లోపల నల్లటి తలవెంట్రుకలు బయటపడ్డాయి. యొరీయె చనిపోయిన ఆరేళ్ళకి చేసిన విగ్రహం, లోపల ఒక స్త్రీ జుట్టు. అతనికి దగ్గరి స్త్రీ ఎవరో పెట్టి ఉంటారని ఊహ.

వెళ్ళేముందు కావాలంటే గొషుయిన్ తీసుకోండి. గుడి ముద్ర వేసి, కుంచెతో రాసి ఇచ్చే కాగితం. నగదే ఇవ్వాలి. నాలుగు దాటితే కౌంటర్లు సర్దేయడం మొదలవుతుంది.

నది అవతల

గుడి ఎదురుగా ఉన్న ఎర్ర వంతెన కొకెయ్ బషి దాటి, అవతలి గట్టు మెట్లెక్కితే షిగెత్సుదెన్ వస్తుంది. మసాకో కట్టించిన మందిరం ఇదే. ఇజులో నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అతి పాతది అంటారు. ఆర్భాటం ఏమీ లేదు, రంగు లేదు, కాలానికి బూడిదరంగు తేలిన చెక్క. లోపల రెండు మీటర్ల ఎత్తు శాక్యముని. సాధారణంగా శాక్యముని చేతులు ఖాళీగా ముద్ర పట్టి ఉంటాయి. ఇక్కడి విగ్రహం కుడిచేతిలో తామరపువ్వు ఉంది. చీకటి అలవాటయ్యేదాకా చూస్తే గానీ పువ్వు కనిపించదు. ఫ్లాష్ వేయొద్దు.

పక్కనే యొరీయె సమాధి. కాస్త దూరంలో అతని వెనకే పోయిన పదముగ్గురు అనుచరుల సమాధులు. నాకు ఈ ఊళ్ళో బాగా నచ్చిన చోటు ఇదే. టూరిస్టుల్లో సగంమంది ఇక్కడిదాకా రారు కూడా.

అక్కణ్ణుంచి నది వెంట ఎగువకి నడిస్తే వెదురు దారి. పొడుగు తక్కువే. మధ్యలో వెదురుతోనే చేసిన పెద్ద గుండ్రటి అరుగు ఉంటుంది, దాని మీద వెల్లకిలా పడుకుని పైకి చూడటం ఇక్కడి ఆచారంలా అయిపోయింది. ఊళ్ళోని ఐదు వంతెనలూ దాటితే ప్రేమ ఫలిస్తుందని బోర్డులు చెబుతాయి. నడక ఆరోగ్యానికి మంచిదే. ఓపికుంటే వీధి వెంట ఇంకా పడమరకి, కాస్త ఎత్తు ఎక్కి నొరియొరి సమాధి చూసి రండి. బాబాయి ఈ చివర, అబ్బాయి ఆ చివర.

స్నానం

వేడినీళ్ళలో దిగకుండా ఈ ఊరి నుంచి వెనక్కి రావద్దు. యొరీయెను స్నానం చేస్తుండగా చంపారని ఊళ్ళో చెప్పుకునే హకో యు దగ్గర ఇప్పుడు పన్నెండు మీటర్ల బురుజుతో సామాన్యుల స్నానశాల ఉంది. 2000లో కట్టారు, హినోకి (జపాన్ సైప్రస్) కొయ్య తొట్టి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి దాకా, కొద్దిపాటి రుసుము. సబ్బు, తువ్వాలు మీవే పట్టుకెళ్ళండి.

మనవాళ్ళకి టెన్షన్ పెట్టే విషయం బట్టల్లేకుండా దిగడం. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు గదులు. లోపల ఎవరూ ఎవర్నీ చూడరు. నిజంగానే. రెండో నిమిషం నుంచి మీరూ పట్టించుకోరు. అస్సలు కుదరదనుకుంటే ర్యోకాన్‌లో "కషికిరి" అడగండి, అంటే తాళం వేసుకుని కుటుంబం మాత్రమే వాడుకునే స్నానగది. పచ్చబొట్లున్నవాళ్ళు కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

వరస ఇది. బట్టలన్నీ బుట్టలో పెట్టి, చిన్న తువ్వాలుతో లోపలికి వెళ్ళాలి. చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో ఒళ్ళంతా రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా కడుక్కోవాలి. తొట్టి ఉన్నది మురికి వదిలించుకోవడానికి కాదు, నానడానికి. జుట్టు ముడి వేసుకుని, కాళ్ళ నుంచి మెల్లగా దిగాలి. తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు, తల మీద పెట్టుకోవచ్చు. నీళ్ళు మామూలుగా నలభై డిగ్రీల పైనే ఉంటాయి, మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. లేచేటప్పుడు తల తిరగొచ్చు, గట్టు పట్టుకోండి. తర్వాత మంచినీళ్ళు తాగండి. కడుపునిండా తిన్న వెంటనే, మందు తాగాక దిగొద్దు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడిగి వెళ్ళాలి.

గదిలో ఇచ్చే యుకాతా అనే పల్చటి నూలు అంగీ వేసుకుని ఊళ్ళో తిరగొచ్చు. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి కట్టేది శవానికి, చూసినవాళ్ళు ఉలిక్కిపడతారు.

రెండో రోజు

పొద్దున్నే, టిఫినుకి ముందు, ఇంకోసారి గుడి మెట్లెక్కండి. పగటి బస్సులు రావడం మొదలవ్వదు కాబట్టి ఆవరణ దాదాపు మీదే.

తర్వాత నడక ఇష్టమైనవాళ్ళు ఎగువకి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓకునొయిన్‌కి వెళ్ళొచ్చు. కూకాయ్ పద్దెనిమిదేళ్ళప్పుడు సాధన చేశాడని చెప్పే చోటు, వెనక చిన్న జలపాతం. పొలాల మధ్య దారి, బస్సులు బాగా తక్కువ. బస్టాపులో తిరుగు బస్సు టైమును ఫోన్‌లో ఫోటో తీసుకుని గానీ బయల్దేరొద్దు.

నడక వద్దనుకుంటే తిరుగు రైల్లో ఇజు-నగవొకాలో దిగండి. నిరయామా ఇనుము కొలిమి అక్కడికి దగ్గర, 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మసాకో పుట్టింటి ఊరు కూడా ఆ చుట్టుపక్కలే. యొరితోమో కుర్రాడిగా ప్రవాసంలో గడిపిన హిరుగకొజిమా అనే చోటు నిరయామా స్టేషన్ నుంచి నడిచే దూరం. అంటే కథ మొదటి అధ్యాయం చివర్లో చూస్తారన్నమాట. అక్కడ గంటన్నర పెట్టుకుని మళ్ళీ సున్జు లైను ఎక్కితే మిషిమాలో సాయంత్రం కొదామా హాయిగా అందుతుంది. టోక్యో వైపు గంటకి రెండు దాకా ఉంటాయి, రిజర్వేషన్ లేని పెట్టెల్లో సీటు దొరకడం అంత కష్టమేమీ కాదు.